గుర్రపు మాటల వెంట ఏడు రోజులు

మొదటి రోజు: లిపిత్సా

బయలుదేరే ముందు నోటుబుక్కు మొదటి పేజీలో ఒక్క మాటే రాసుకున్నాను: రౌతు. సంస్కృతంలో రాజపుత్రుడు ప్రాకృతం నోట నలిగి రాఉత్తుడై, మనదాకా వచ్చేసరికి రౌతు అయ్యాడు. ఆ లెక్కన గుర్రమెక్కిన ప్రతివాడూ రాజుగారి అబ్బాయే. మరి మిగతా భాషల్లో గుర్రమెక్కినవాడు ఎవరి అబ్బాయి? డిక్షనరీలు తిరగేస్తే తెలిసేదే. కానీ గుర్రాలు ఉన్న చోట ఆ మాటలు వినాలన్న పిచ్చి చాలా రోజులుగా పట్టుకుంది. సెలవు ఏడు రోజులే దొరికింది కాబట్టి స్లొవేనియాలో మొదలుపెట్టి, వియన్నా మీదుగా హంగేరీ మైదానం దాకా ఒక గీత గీసుకున్నాను.

సెజానా స్టేషన్లో దిగి టాక్సీలో లిపిత్సా చేరాను. ఇటలీ సరిహద్దు పక్కనే ఉంటుంది. నేలంతా సున్నపురాయి, మట్టి తక్కువ. ఇలాంటి నేలను భూగోళ పాఠాల్లో కార్‌స్ట్ అంటారు, ఆ మాట పుట్టింది ఈ ప్రాంతం పేరు నుంచే. లిపిత్సా అంటే చిన్న లిండెన్ చెట్టు. 1580లో ఆస్ట్రియా ఆర్చ్‌డ్యూక్ రెండో చార్లెస్ ఇక్కడ గుర్రాల పెంపకం మొదలుపెట్టించాడు. ఇక్కడి గుర్రాలకు ఊరి పేరే జాతి పేరైంది: లిపిజానర్.

తెల్లగుర్రాల మంద చూడబోతున్నానని ఊహించుకుని వెళ్తే, కంచె దగ్గరికి ముందుగా వచ్చినవి నల్లటి పిల్లలు. తల్లులు పాలలా తెల్లగా, పిల్లలు బొగ్గులా. పుట్టుకతో ముదురు రంగే, తెల్లబడడానికి ఆరు నుంచి పదేళ్ళు పడుతుందట. గైడు చెప్పిన ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. మగగుర్రాలకు ఇక్కడ రెండు పేర్లు. ముందు తండ్రి వంశం పేరు, తర్వాత తల్లి పేరు. ప్లూటో, కాన్వెర్సానో, నియాపొలిటానో, ఫావొరీ, మాయెస్తోజో, సిగ్లావీ అని పాత వంశాలు ఆరు. అంటే ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనకూ ఈ గుర్రాలకూ మాత్రమే ఉందన్నమాట అనుకున్నాను. (హంగేరియన్లకు కూడా ఉందని ఐదో రోజున తెలిసింది.)

అక్కడి బోర్డుల్లో ఇటాలియన్ కూడా ఉంది. గుర్రానికి కవాల్లో. లాటిన్లో గుర్రానికి అసలు మాట ఎక్వుస్. కవి రాసేదీ, సేనాపతి ఎక్కేదీ అదే. బరువులు మోసే నాసిరకం గుర్రానికి మాత్రం కబాల్లుస్ అని జనం నోట ఒక చవక మాట ఉండేది. రోమ్ పోయింది, ఎక్వుస్ కూడా పోయింది. నిలిచింది మోత గుర్రం. ఇటాలియన్ కవాల్లో, ఫ్రెంచి షెవాల్, స్పానిష్ కబాయో, రుమేనియన్ కాల్, అన్నీ దాని సంతానమే. ఆ గుర్రం ఎక్కినవాడు ఫ్రెంచిలో షెవాలియే, ఇటాలియన్లో కవాలియేరే. ఇంగ్లీషువాళ్ళు దాన్నే రెండుసార్లు అరువు తెచ్చుకుని, ఒకసారి శివల్రీ అన్నారు, ఇంకోసారి కావల్రీ అన్నారు. మొదటిది మర్యాద, రెండోది దండు. రెంటి అడుగునా ఉన్నది బరువులు మోసిన ముసలి గుర్రమే. పాత మాట కొన్నిచోట్ల బతికింది: స్పానిష్‌లో ఆడగుర్రాన్ని యెగ్వా అంటారు, అది ఎక్వుస్‌కు స్త్రీలింగమైన ఎక్వా.

టీ కొట్టు దగ్గర చిల్లర తీసుకుంటే అందులో స్లొవేనియా ఇరవై సెంట్ల నాణెం వచ్చింది. దాని మీద రెండు లిపిజానర్లు. దాన్ని ఖర్చు పెట్టలేదు.

రెండో రోజు: రైల్లో

లుబ్లియానా నుంచి వియన్నాకు రోజంతా ప్రయాణం. సరిహద్దు దాటాక బోర్డుల మీద మాట మారింది, గుర్రం ఇప్పుడు ప్ఫేర్డ్. అచ్చమైన జర్మన్ మాట అనుకుంటాం కదా. కాదు. గాల్ దేశపు (ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతం) మాట వెరేడుస్, టపా గుర్రం. దాని ముందు గ్రీకు పారా చేర్చి లాటిన్‌వాళ్ళు పారావెరేడుస్ అన్నారు, అసలు దారి పక్కన అదనంగా ఉంచే గుర్రమని. జర్మన్ల నోట అది అరిగి అరిగి ప్ఫేర్డ్ అయింది. మూడు భాషల వాళ్ళు కలిసి ఒక గుర్రాన్ని తయారు చేశారు. పాత జర్మన్ మాట రోస్ ఇంకా ఉంది. ఎదురు సీటు పెద్దాయన ఆస్ట్రియా పల్లెల్లో ఇప్పటికీ అదే అంటారని చెప్పాడు. మిగతా దారంతా నిద్రపోయాను.

మూడో రోజు: వియన్నా, గుర్రాల బడి

స్పానిష్ రైడింగ్ స్కూల్ అని పేరు, ఉన్నది వియన్నా నడిబొడ్డున, గుర్రాల జాతి స్లొవేనియాది. ఆ పేరు వెనక ఉన్నది స్పెయిన్ నుంచి తెచ్చిన గుర్రాల జాతి. 1572 నాటి కాగితాల్లోనే ఈ బడి ప్రస్తావన ఉంది. ఇప్పటి హాలు ఆరో చార్లెస్ చక్రవర్తి కట్టించాడు, 1729లో మొదలై 1735లో పూర్తయింది.

పొద్దున సాధన చూడడానికి టికెట్ తీసుకున్నాను. పూర్తి ప్రదర్శన కంటే ఇదే మేలని నా అభిప్రాయం. ప్రదర్శనలో తప్పులు కనబడవు, సాధనలో కనబడతాయి. తెల్లటి హాలు, పైన షాండ్లియర్లు, కింద ఇసుక. లోపలికి వచ్చిన ప్రతి రౌతూ ఎదుటి గోడ మీద ఉన్న ఆరో చార్లెస్ పటానికి రెండు కొనల టోపీ తీసి నమస్కరిస్తాడు. చక్రవర్తి పోయాడు, సామ్రాజ్యం కూడా పోయింది, టోపీ తీయడం మాత్రం ఆగలేదు. నేను ఫోన్ తీయబోతే పక్కనున్న ఆవిడ చెయ్యి ఊపి వద్దంది. లోపల ఫోటోలు నిషేధం. బోర్డు చూడకపోవడం నా తప్పే.

ఒక కుర్ర గుర్రానికి ఆ రోజు మనసు బాగాలేదు. పియాఫ్ చెయ్యమంటే, అంటే ముందుకు పోకుండా నిలుచున్న చోటే అడుగులు తొక్కమంటే, పక్కకు జరుగుతోంది. రౌతు కొట్టలేదు, కసరలేదు. ఒక చుట్టు తిప్పుకొచ్చి మళ్ళీ అక్కడే నిలబెట్టాడు. మూడోసారికి నాలుగు అడుగులు సరిగ్గా వేసింది. వెంటనే ఆయన చెయ్యి కోటు వెనక జేబులోకి పోయింది. చక్కెర! ఆ కోటు తోకలో చక్కెర దాచుకునే జేబు ఉంటుందని తర్వాత తెలిసింది.

ఈ బడిలో చేరినవాణ్ణి ముందు ఎలేవ్ అంటారు, అది ఫ్రెంచి. పైకి పోతే బెరైటర్, అది జర్మన్. గుర్రం చేసే విద్యల పేర్లు పియాఫ్, లెవాడ్, కూర్బెట్ ఫ్రెంచివి. గాల్లోకి ఎగిరి వెనక కాళ్ళు చాచి తన్నే కాప్రియోల్ మాత్రం ఇటలీది, కాప్రా అంటే మేక. మేక గెంతుకు ఇంత వైభోగం! ఈ గెంతులన్నీ ఒకప్పుడు యుద్ధంలో శత్రువును తప్పించుకోవడానికే అని టూరిస్టులకు చెబుతుంటారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. యుద్ధరంగంలో ముందు కాళ్ళు ఎత్తి పొట్ట చూపిస్తూ నిలబడిన గుర్రం, ఈటె పట్టినవాడికి రా అని పిలిచినట్టే.

స్పానిష్ అన్న మాటను అక్కడితో వదలబుద్ధి కాలేదు. స్పెయిన్‌లో గుర్రపు రౌతును ఖినేతే అంటారు. అది ఉత్తర ఆఫ్రికాలోని జెనాతా అనే బెర్బర్ తెగ పేరు. ఆ తెగవాళ్ళు అంకవన్నెలు పొట్టిగా కట్టి, మోకాళ్ళు ముడుచుకుని, తేలిగ్గా స్వారీ చేసేవారు. బరువైన కవచంతో కాళ్ళు బారజాపి కూర్చునే యూరప్ పద్ధతికి అది పూర్తి వ్యతిరేకం. యుద్ధాల్లో వాళ్ళతో తలపడీ, వాళ్ళను కొలువులో పెట్టుకునీ స్పెయిన్‌వాళ్ళు ఆ పద్ధతి నేర్చుకున్నారు, పేరు కూడా తీసుకున్నారు. ఆ తెగ పేరే చివరికి రౌతు అనే మాటైంది. అరబ్బీలో ఫరస్ అంటే గుర్రం, ఫారిస్ అంటే రౌతు, ఫురూసియ్యా అంటే స్వారీ, విలువిద్య, ఈటె అన్నీ కలిసిన విద్య. వియన్నా హాల్లో తలెత్తి చూస్తే ఆఫ్రికా, అరేబియా ఎక్కడా కనబడవు. సిగ్లావీ అన్న వంశంలో ఒక అరబ్బు గుర్రం మాత్రం మౌనంగా ఉంది.

ఇక్కడ అంకవన్నె అని రాశాను, చదివేవాళ్ళలో సగంమందికి అర్థం కాదేమో. జీను పక్కన వేలాడుతూ రౌతు పాదం పెట్టుకునే ఇనుప చట్రం అది. మనకు అంత మంచి మాట ఉండగా రికాబు అన్నాం, అది అరబ్బీ. ఇప్పుడు స్టిరప్ అంటున్నాం. జీను పారసీకం. సవారీ కూడా పారసీకమే, పాత రూపం అసబార, గుర్రం చేత మోయించుకునేవాడు అని అర్థం. కళ్ళెమన్నా మనదే కదా అని ధైర్యం తెచ్చుకుంటే, దాన్ని సంస్కృత ఖలీనానికి వికృతిగా చెబుతారు, ఆ ఖలీనం గ్రీకు ఖలినోస్ అంటారు పండితులు. గుర్రం ఒక్కటే మిగిలింది. తమిళ కుదిరై, కన్నడ కుదురె దానికి తోబుట్టువులు.

నాలుగో రోజు: కంచు గుర్రాలు, కుర్రాళ్ళు

హెల్డెన్‌ప్లాట్జ్‌లో ఆర్చ్‌డ్యూక్ కార్ల్ విగ్రహం ఉంది. 1860 నాటిది, ఫెర్న్‌కోర్న్ అనే శిల్పి చేశాడు. గుర్రం రెండే రెండు వెనక కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, ఇంకే ఆధారమూ లేదు. ఎదురుగా ఉన్న సేనాపతి యూజీన్ విగ్రహం కూడా ఆ శిల్పి చేసిందే. కానీ అందులో గుర్రం తోక నేలకు ఆనింది. రెండో గుర్రానికి మూడో కాలు కావాల్సి వచ్చింది.

సైనిక మ్యూజియంలో మధ్యాహ్నమంతా గడిచింది. అద్దాల వెనక యూనిఫాంలు చూస్తూ నోటుబుక్కు నింపాను. కిరాసియర్, ఛాతీ కవచంవాడు. ఆ కవచం ఒకప్పుడు తోలుతో చేసేవారు కాబట్టి ఫ్రెంచి కుయిర్, తోలు. డ్రాగూన్, డ్రాగన్ అని పిలిచిన ఒక పొట్టి తుపాకీ పేరు మీద. ఈటె పట్టినవాడు ఉలాన్. పోలండ్ నుంచి వచ్చిన మాట, అంతకుముందు టర్కీ భాషలది. మూలం ఓగ్లాన్, అంటే కుర్రాడు.

ఇక్కడే ఆగిపోయాను. కవచం తొడుక్కుని మెరిసిపోయే ఇంగ్లీషు నైట్ కూడా పాత ఇంగ్లీషులో క్నిహ్ట్, కుర్రాడే. మన రౌతు రాజుగారి కుర్రాడు. ఒకరి ముఖం ఒకరు చూడని ముగ్గురు. ప్రతిచోటా గుర్రమెక్కినవాడు మొదట పెద్దవాడి ఇంట్లో పని కుర్రాడు, తర్వాతే బిరుదు. జర్మన్‌వాళ్ళు మాత్రం గొడవ లేకుండా రిట్టర్ అన్నారు. స్వారీ చేసేవాడు, అంతే.

గుర్రపుశాల నుంచి పైకి వెళ్ళినవాళ్ళు ఇంకా ఉన్నారు. మార్షల్ అంటే పాత ఫ్రాంకుల భాషలో గుర్రం పనివాడు. కానిస్టేబుల్ లాటిన్లో కోమెస్ స్టాబులీ, గుర్రపుశాల అధికారి. ఫ్రాన్సులో ఒకప్పుడు కానెటాబ్ల్ అంటే రాజు తర్వాత సైన్యానికి పెద్ద. మార్షల్ గుర్రాలు తోమి సేనాపతి అయ్యాడు. కానిస్టేబుల్ సేనాపతిగా వెలిగి పోలీసు స్టేషన్లో కింది మెట్టుకు వచ్చాడు.

ఇంకో మూల టర్కీ సిపాహీలు. పారసీక సిపాహి, సైనికుడు. టర్కులకు అది జాగీరు ఉన్న గుర్రపు రౌతు, ఫ్రెంచివాళ్ళకు స్పాహీ, వాడికీ గుర్రముంది. మనదాకా వచ్చిన సిపాయికి మాత్రం గుర్రం పోయింది, నడవాల్సి వచ్చింది.

ఐదో రోజు: కోచ్

జ్యోర్‌లో రైలు మారి తాతా, అక్కడినుంచి బస్సులో కోచ్ అనే పల్లె. బస్సు నన్ను దింపి వెళ్ళిపోయింది. వీధిలో ఒక కుక్క, సైకిల్ మీద ఒకాయన. చూడ్డానికేమీ లేదు. అయినా ఈ ఏడు రోజుల్లో నేను ఎక్కువ ఉద్వేగపడింది ఇక్కడే.

బుడా నుంచి వియన్నా పోయే పాత దారి మీద ఉంది ఈ ఊరు. పదిహేనో శతాబ్దంలో, హంగేరీ రాజు మాత్యాష్ కాలానికి, ఇక్కడి బండ్లు చేసేవాళ్ళు తేలికైన, వేగంగా పోయే నాలుగు చక్రాల బండికి పేరు తెచ్చుకున్నారు. హంగేరియన్లో ఊరి పేరుకు చివర ఇ చేరిస్తే ఆ ఊరిది అని అర్థం. కోచి సెకేర్, అంటే కోచ్ ఊరి బండి. తర్వాత బండి అన్న మాట రాలిపోయి కోచి మిగిలింది. జర్మన్‌లో కూట్షె, స్పానిష్‌లో కోచె, ఇటాలియన్లో కొక్కియో, ఇంగ్లీషులో కోచ్. గుర్రాలు పోయి ఇంజన్లు వచ్చినా మాట దిగలేదు. రైలుపెట్టె కోచ్ అయింది. హంగేరీలో ఇప్పుడు కోచి అంటే కారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు, తమను పరీక్ష దాటించే ప్రైవేటు మాస్టారుకు సరదాగా కోచ్ అని పేరు పెట్టారు, బండిలా మోసుకుపోతాడని. అక్కడినుంచి ఆటల కోచ్, మన కోచింగ్ సెంటర్. ర్యాంకు టెన్షన్‌తో తెల్లవారుజామున క్లాసుకు పరుగెత్తే పిల్లల్లో ఎంతమందికి తెలుసు, తాము హంగేరీలో ఒక కుక్క, ఒక సైకిలు ఉన్న వీధి పేరు పలుకుతున్నామని!

తిరుగు బస్సు టైమును సెలవు రోజుల వరుసలో చూసుకున్నాను. నిజంగా వచ్చే బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. బండికి పేరిచ్చిన ఊళ్ళో బండి దొరక్క, రోడ్డు పక్కన గంటన్నర కూర్చున్నాను.

ఆరో రోజు: బుడాపెస్ట్

హుసార్ అన్న మాట పుట్టిల్లు హంగేరీ అని అందరూ అంటారు. హంగేరియన్లో హుస్ అంటే ఇరవై. ఇరవై ఇళ్ళకు ఒక రౌతును పంపాలన్న పాత పద్ధతి నుంచి హుసార్ వచ్చిందని హోటల్ రిసెప్షన్లో కుర్రాడు చెప్పాడు. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నాడట. చక్కటి కథ, కానీ భాషావేత్తలు ఒప్పుకోరు. వాళ్ళ లెక్కలో అది దక్షిణ స్లావుల గుసార్, హుసార్. దోపిడీగాడు. దాని వెనక లాటిన్ కుర్సారియుస్. సముద్రపు దొంగను ఇంగ్లీషులో కోర్సెయిర్ అంటారే, అది కూడా ఆ కడుపున పుట్టిందే. సెర్బియన్లో ఇప్పటికీ గుసార్ అంటే ఓడదొంగ. ఉస్మానీ టర్కుల దెబ్బకు ఉత్తరానికి వచ్చిన సెర్బు రౌతులు హంగేరీ రాజు కొలువులో చేరారు, వాళ్ళతోపాటు పేరూ వచ్చింది. తర్వాత యూరప్‌లో ప్రతి రాజుకూ హుసార్లు కావాల్సి వచ్చారు. జరీ అల్లికల పొట్టి కోటు డోల్మాన్ కూడా వాళ్ళతో వెళ్ళింది, అది టర్కీ మాట. ఎత్తు టోపీ షాకో మాత్రం నిజంగా హంగేరియన్ చాకో. ఈ సంగతి చెబితే ఆ కుర్రాడి మొహం చిన్నబోయింది. చెప్పకుండా ఉండాల్సింది.

సాయంత్రం బుడా కొండ మీద హాదిక్ ఆంద్రాష్ విగ్రహం. 1757లో కొద్దిపాటి సైన్యంతో బెర్లిన్ మీద పడి, కప్పం వసూలు చేసుకుని తిరిగొచ్చిన హుసార్ సేనాపతి. విగ్రహమంతా పచ్చగా చిలుముపట్టి ఉంది, గుర్రం వృషణాలు మాత్రం బంగారంలా ధగధగా మెరుస్తున్నాయి. పరీక్షల ముందు ఇంజనీరింగ్ విద్యార్థులు వచ్చి వాటిని రుద్ది వెళ్తారట, అదృష్టమని. కోచింగ్‌కూ గుర్రానికీ ఉన్న సంబంధం ఇంత దగ్గరగా మళ్ళీ కనబడుతుందనుకోలేదు.

ఏడో రోజు: హోర్తోబాజ్

డెబ్రెత్సెన్ మీదుగా మైదానంలోకి. ఆకాశం తప్ప ఎత్తైనదేదీ లేదు. ఈ మైదానాన్ని పుస్తా అంటారు. అది స్లావుల మాట, ఖాళీ అని అర్థం. 1833లో పూర్తయిన తొమ్మిది కమానుల రాతి వంతెన దాటితే గడ్డి, ఇంకా గడ్డి.

గుర్రాలు కాసేవాళ్ళను చికోష్ అంటారు, చికో అంటే గుర్రపుపిల్ల. పశువులు కాసేవాడు గుయాష్. ప్రపంచమంతా తినే గులాష్ కూరకు వాడి పేరే. నీలం బట్టలు, నల్లటోపీ, చేతిలో పొడుగు కొరడా. కొరడా గాల్లోనే పేలుతుంది, గుర్రం ఒంటిని తాకదు. చికోష్ చెప్పగానే గుర్రం నేల మీద పడుకుంది. ఇంకోటి కుక్కలా కూర్చుంది. చెట్టు చాటు, గుట్ట చాటు లేని నేలలో దాక్కోవాలంటే గుర్రం పడుకోవాల్సిందే కదా. తర్వాత ఒకతను వెనక రెండు గుర్రాల మీద చెరో కాలు వేసి నిలబడి, ముందు మూడింటిని పగ్గాలతో తోలుకుంటూ దూసుకుపోయాడు. ఇది తాతల నాటి విద్య అనుకున్నాను. కాదట. లుడ్విగ్ కోహ్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు వేసిన బొమ్మను చూసి, ఇక్కడి రౌతొకడు ఇరవయ్యో శతాబ్దంలో నిజంగా చేసి చూపించాడట. బొమ్మ ముందు, గుర్రాలు తర్వాత. అయినా నా చప్పట్లు తగ్గలేదు.

ఇక్కడి గుర్రాలు నోనియస్ జాతివి, నల్లగా, బరువుగా ఉంటాయి. నెపోలియన్ యుద్ధాల్లో ఫ్రాన్సు నుంచి పట్టుకొచ్చిన నోనియస్ అనే గుర్రం వీటి మూలపురుషుడు. అదీ దిగుమతే. కానీ హంగేరియన్లో గుర్రం లో, జీను న్యెరెగ్, కళ్ళెం ఫేక్. ఈ మూడూ సైబీరియాలోని మాన్సీ, ఖాంతీ భాషలతో చుట్టరికం ఉన్న పాత సొంత మాటలు. ఇన్ని రోజుల తర్వాత సొంత సామానున్న ఇల్లొకటి కనబడింది. ఇంకోటి కూడా రాసుకున్నాను. గుర్రం వయసును ఇక్కడ గడ్డితో లెక్కపెడతారు. మూడో ఏట ఉన్న పిల్లను హర్మద్‌ఫూ అంటారు, మూడో గడ్డి అని.

ప్రదర్శన అయ్యాక ఒక చికోష్ తన గుర్రాన్ని చూపించాడు. జీనుకు పొట్ట కింద పట్టీ లేదు. వీపు మీద ఊరికే పరిచి ఉంది, అంకవన్నెలు దానికే వేలాడుతున్నాయి. ఎక్కు అని సైగ చేశాడు. అంకవన్నెలో కాలు పెట్టి లేస్తే జీనంతా నా మీదికి వచ్చేసేది. ఆయన నవ్వి, రెండు చేతులతో నన్ను ఎత్తి పడేశాడు. మీ భాషలో నన్నేమంటారు అని అడిగాడు, గైడు మధ్యలో మాట కలిపింది. రౌతు అన్నాను. రవుతూ, రవుతూ అని రెండుసార్లు అన్నాడు. తనను తాను చూపించుకుని లోవష్ అన్నాడు.

గుర్రం కదలలేదు. పద అన్నాను. ఛల్ అన్నాను. జర్మన్‌లో, ఇంగ్లీషులో కూడా అడిగి చూశాను. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు. నాది నాలుగు కాళ్ళ మీదా నిలబడి గడ్డి తింటోంది. చివరికి చికోష్ పక్కకు జరిగి, పళ్ళ మధ్య నుంచి మెల్లగా అన్నాడు, "డ్యీ."

నా టోపీ అక్కడే పడిపోయింది.